లక్షా నలభై వేల పాడి ఆవులు

(కడపలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే, చిన్న చిన్న సవరణలతో.)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ నెలలో, కడపలో, మధ్యాహ్నం మూడు గంటలకు ఉపన్యాసం పెట్టిన వాళ్ళ ధైర్యానికి ముందు దండం పెట్టాలి. వచ్చి కూర్చున్న మీకు రెండు దండాలు. వెనక వరసలో ఫ్యాను కింద ఉన్న వాళ్ళు నిద్రపోయినా నేను ఏమీ అనుకోను. ముప్ఫై ఏళ్ళు లెక్చరర్‌గా చేశాను, అలవాటే.

నాకు ఇచ్చిన విషయం ‘మహాయుద్ధాల తర్వాత సంధి షరతులు’. నేరుగా పారిస్ తీసుకుపోతానని అనుకుంటున్నారు కదా? పారిస్ పోదాం, ముందు సినిమా హాలు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పెద్ద హీరో సినిమా వచ్చిన మూడో రోజుకల్లా మీ ఫోన్లలో వసూళ్ళ లెక్క వస్తుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత. సీడెడ్ అంటే మనమే. ఆ మాటకు అర్థం ఏమిటని క్లాసులో ఒకసారి అడిగితే ఒక పిల్లవాడు లేచి, ‘మన దగ్గర బుడ్డలు, అదే వేరుశెనగ, బాగా పండుతాయి కదా సార్, సీడ్స్, అందుకే సీడెడ్’ అన్నాడు. నవ్వకండి, ఆ క్లాసులో అంతకంటే మంచి జవాబు ఎవరూ చెప్పలేదు.

సీడెడ్ అంటే ఇచ్చేసినది. వదులుకున్నది. 1800 అక్టోబరు 12న నిజాం, ఈస్టిండియా కంపెనీ ఒక ఒప్పందం మీద సంతకాలు చేసుకున్నారు. తన రక్షణ కోసం కంపెనీ పెట్టే సైన్యానికి అయ్యే ఖర్చు కింద నిజాం మన నేలను రాసిచ్చాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. దత్త మండలాలు అని తెలుగులో మర్యాదగా అన్నాం. రెండు వందల ఏళ్ళు దాటినా సినిమా డిస్ట్రిబ్యూటర్లు ఆ మాట వదల్లేదు. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు గారు, ఈ దత్తం ఏమిటి, రాయలు ఏలిన సీమ కదా, రాయలసీమ అందాం అన్నారు. పేరు మారింది. వసూళ్ళ లెక్కలో మాత్రం మారలేదు.

ఇంకొంచెం వెనక్కి పోతే ఇంకా బాగుంటుంది. 1792 మార్చిలో శ్రీరంగపట్నంలో సంధి జరిగింది. ఒకవైపు టిప్పు సుల్తాను, ఇంకోవైపు కంపెనీ, నిజాం, మరాఠాలు. టిప్పు ఓడిపోయాడు. షరతులు వినండి. సగం రాజ్యం ఇవ్వాలి. మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు కట్టాలి, సగం వెంటనే, మిగతాది వాయిదాల్లో. అంతా కట్టేదాకా ఇద్దరు కొడుకుల్ని తాకట్టు పెట్టాలి. పెద్దవాడికి పదేళ్ళు, చిన్నవాడికి ఎనిమిది. వాళ్ళను కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ మద్రాసు తీసుకుపోయాడు. రెండేళ్ళ తర్వాత, డబ్బు ముట్టాక, తిరిగి పంపారు. టిప్పు ఇచ్చిన సగం రాజ్యంలో కడప, గండికోట వైపు నేలంతా నిజాంకి పోయింది. 1799లో టిప్పు చనిపోయాక జరిగిన పంపకాల్లో గుత్తి, గుర్రంకొండ కూడా నిజాంకే పోయాయి. ఆ మరుసటి ఏడాది మొత్తం కలిపి కంపెనీకి.

అంటే ఎనిమిదేళ్ళలో ముగ్గురు దొరలు. పెన్న ఒడ్డున ఒక రైతు ఆ ఎనిమిదేళ్ళూ అదే చేను దున్ని ఉంటాడు. మూడు కాగితాల్లో ఒక్కదాంట్లోనూ అతన్ని అడిగిన గుర్తు ఉండదు. శిస్తు ఎవరికి కట్టాలన్నది మాత్రం మారుతూ పోయింది. తర్వాత కంపెనీ కలెక్టరుగా మన్రో వచ్చాడు, ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్ళను అణిచాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ పింఛను గొడవ తర్వాతి తరంలో యాడికి పోయిందో మీకు నేను చెప్పనక్కర లేదు. నెలకు పదకొండు రూపాయల పైచిలుకు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీశారు.

కాబట్టి సంధి షరతులు అంటే మనకు పరాయి విషయం కాదు. మనం ఒక షరతులో పుట్టిన జిల్లాల వాళ్ళం.

ఇప్పుడు మా జేజి, అంటే మా అవ్వ, వాళ్ళ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. కోయిలకుంట్ల వైపే, నల్లరేగడి పల్లె. సీమ అనగానే సినిమాల్లో సుమోలు, బాంబులు చూపిస్తారు కాబట్టి ముందే చెబుతున్నా, ఇందులో సుమోలు లేవు. ఒక బండిబాట ఉంది. రెండు కుటుంబాల చేల మధ్యగా పోయే బాట. ఒకాయన దున్నుతూ దున్నుతూ దాన్ని మూరెడు తినేశాడు. మాటా మాటా పెరిగింది. ఒక రాత్రి ఒకరి గడ్డివామి కాలింది. కేసులు, వాయిదాలు, రెండేళ్ళు. చివరికి పక్క ఊరి పెద్దమనుషులు నలుగురు జీపులో వచ్చి రాజీ పెట్టారు. నేను ఎనిమిదో తరగతి. రచ్చకట్ట పక్కన సైకిల్ మీద ఒక కాలు ఆనించి అంతా చూశాను.

షరతులు ఇవీ. ఇద్దరూ కేసులు వెనక్కి తీసుకోవాలి. వామి కాలిన దానికి, వకీలు ఖర్చులకు కలిపి, వామి పోయినాయనకు ఎదుటి కుటుంబం పెద్దాయన పన్నెండు వేలు ఇవ్వాలి. ఇంకోటి, ఆ కుటుంబం తరతరాలుగా ఊరి జాతరలో మొదటి టెంకాయ కొట్టేది. ఇకమీదట కొట్టకూడదు. తప్పు తనదేనని నలుగురిలో ఒప్పుకోవాలి. పెద్దమనుషులు మంచాల మీద, గెలిచినాయన అరుగు మీద. ఓడినాయన మాత్రం తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. ‘కూర్చో పెద్దాయనా’ అని ఒక్కరూ అనలేదు. గంటన్నర.

పన్నెండు వేలూ రెండు వాయిదాల్లో, చెప్పిన రోజుకు, పైసాతో కట్టేశాడు. ఆ పై ఏడాది జాతరలో టెంకాయ దగ్గర మళ్ళీ తలకాయలు పగిలాయి. మా జేజిని అడిగాను, డబ్బు కట్టేశాడు కదా, మళ్ళీ గొడవ ఎందుకు అని. ‘డబ్బుకేముందిరా, పోతే వస్తాది. ఆయన్ని నిలబెట్టినారు’ అంది.

చరిత్రలో ఎం.ఏ. చేశాను, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఓడిన జర్మనీతో చేయించిన వర్సైల్స్ సంధి మీద ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ మాట కంటే పొట్టిగా ఆ సంధి గురించి ఎవరూ చెప్పలేదని నా నమ్మకం. సరే, పారిస్ పోదాం.

1918 జనవరి 8న అమెరికా అధ్యక్షుడు విల్సన్ పద్నాలుగు అంశాలు ప్రకటించాడు. రహస్య ఒప్పందాలు వద్దు, సముద్రాల మీద అందరికీ స్వేచ్ఛ, ఆయుధాలు తగ్గించాలి, వలసల విషయంలో అక్కడి జనం బాగు కూడా చూడాలి, దేశాలన్నీ కలిసి ఒక సమితి పెట్టుకోవాలి. దేవుడు పదితో సరిపెట్టుకున్నాడు, ఈయనకు పద్నాలుగు కావాల్సి వచ్చాయి అని ఫ్రెంచి ప్రధాని క్లెమెన్సో వెటకారం చేశాడని చెప్పుకుంటారు. ఆ అక్టోబరులో జర్మనీ ఓటమి అంచున ఉండి, ఈ పద్నాలుగు అంశాల మీద అయితే మేం మాట్లాడుకోవడానికి సిద్ధం అని విల్సన్‌కే ఉత్తరం రాసింది. నవంబరు 11న కాంపియేన్ అడవిలో ఒక రైలు పెట్టెలో యుద్ధవిరమణ అయింది.

ఇక్కడ జర్మనీని పాపం అనకండి. అదే ఏడాది మార్చి 3న బ్రెస్ట్-లిటోవ్‌స్క్‌లో రష్యా మీద జర్మనీ పెట్టిన షరతులు చూస్తే వర్సైల్స్ చిన్నపిల్లల ఆట. పోలండ్, బాల్టిక్ ప్రాంతం, ఉక్రెయిన్ అన్నీ రష్యా చేతిలోంచి పోయాయి. తాను గెలిచినప్పుడు ఎలా ఉంటుందో జర్మనీ ఎనిమిది నెలల ముందే చూపించింది. క్లెమెన్సో అది మరిచిపోయే మనిషి కాదు.

1919 జనవరి 18న సమావేశం మొదలైంది. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. 1871లో సరిగ్గా ఆ రోజే వర్సైల్స్ రాజభవనంలోని అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించారు, ఓడిన ఫ్రాన్స్ గడ్డ మీదే. సంతకాలు కూడా అదే మందిరంలో పెట్టించారు. గెలిచినవాళ్ళు నాలుగు నెలలు తమలో తాము కొట్టుకుని షరతులు తేల్చారు. జర్మన్లను మే 7న పిలిచి చదువుకోండని చేతికిచ్చారు. 440 అధికరణాలు. నోటితో మాట్లాడటానికి లేదు, ఏమైనా ఉంటే పదిహేను రోజుల్లో రాసివ్వండి అన్నారు. జర్మన్ విదేశాంగ మంత్రి బ్రాక్‌డార్ఫ్-రాంట్‌సావ్ లేవకుండా కూర్చునే జవాబు చదివాడు. ఎంత పొగరు అని వీళ్ళకు మండింది. మా ఊళ్ళో నిలబెట్టారు, అక్కడ ఆయన నిలబడనన్నాడు. రెండూ ఒకటే సంగతి. వాళ్ళు రాసిచ్చిన అభ్యంతరాల్లో చెప్పుకోదగ్గది ఒక్కటి ఒప్పుకున్నారు, ఎగువ సైలీషియా ప్రాంతం ఎవరికి పోవాలో అక్కడి జనం ఓటు అడగడం. సంతకం పెట్టలేనని జర్మన్ ప్రధాని షైడెమాన్ దిగిపోయాడు. జూన్ 28న ఇంకో ఇద్దరు మంత్రులు వచ్చి పెట్టారు.

షరతుల్లో పెద్దవి మీ పాఠ్యపుస్తకంలోనే ఉన్నాయి. ఆల్సేస్-లోరేన్, సార్ లోయ బొగ్గు గనులు ఫ్రాన్స్‌కి, సైన్యం లక్షకు మించకూడదు, యుద్ధ విమానాలు, ట్యాంకులు, జలాంతర్గాములు ఉండకూడదు. పరీక్షకు అవి చాలు. నాకు ఇష్టమైనవి చిన్న షరతులు. ఆ కాగితంలో పరిహారాల భాగానికి పెట్టిన అనుబంధాల్లో ఒక పట్టిక ఉంది. మూడు నెలల్లో ఫ్రాన్స్‌కి ఇవ్వాల్సినవి: 500 మేలుజాతి మగ గుర్రాలు, 30,000 ఆడ గుర్రాలు, 2,000 ఆబోతులు, 90,000 పాడి ఆవులు, లక్ష గొర్రెలు, 10,000 మేకలు. బెల్జియంకి వేరే, అందులో 50,000 పాడి ఆవులు. మొత్తం లక్షా నలభై వేల పాడి ఆవులు.

మనలో ఇంట్లో ఆవుగానీ ఎనుముగానీ ఉన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం పైనే. మీకు చెప్పనక్కర లేదు, కరువులో పాడి తోలుకుపోతే ఆ ఇంట్లో ముందు తెలిసేది ఎవరికో. చంటిబిడ్డకు. పైగా యుద్ధం ఆగిన తర్వాత కూడా జర్మనీ రేవుల మీద దిగ్బంధం 1919 జులై దాకా తీయలేదు. ఇంకోవైపు చూడండి. ఆ ఆవుల్ని యుద్ధంలో జర్మన్ సైన్యమే బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పల్లెల నుంచి తోలుకుపోయింది. ఆ పల్లె రైతుకు నా ఆవు నాకియ్యి అనడం దౌర్జన్యమా? కాదు. ఈ షరతు అన్యాయమా న్యాయమా అని నన్ను అడిగితే ఇరవై ఏళ్ళ కింద గట్టిగా ఒక జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఏ ఊరి ఆవు, ఏ ఊరి పిల్లాడు అని అడుగుతాను.

ఇంకో వింత ఉంది, 246వ అధికరణం. తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద తిరగబడిన మ్‌క్వావా అనే నాయకుడి పుర్రెను ఆరు నెలల్లో బ్రిటన్‌కి అప్పగించాలి. ఒక మహాయుద్ధపు సంధిలో ఒక మనిషి పుర్రె! ఆరు నెలలు అన్నది, అతని జనానికి చేరింది 1954లో. గవర్నమెంటు ఆఫీసుల ఆలస్యం మనకొక్కరికే సొంతం అనుకోకండి.

అందరూ తిట్టేది 231వ అధికరణాన్ని. యుద్ధం వల్ల జరిగిన నష్టమంతటికీ జర్మనీ, దాని మిత్రులు బాధ్యులు అని ఒప్పించింది అదే. నిజానికి రాసినవాళ్ళ ఉద్దేశం అవమానించడం కాదు. అమెరికా తరఫున డేవిస్, డల్లెస్ అనే ఇద్దరు దాన్ని చెక్కారు. 231లో బాధ్యత అంతా నీదే అని పెద్దగా అనిపించి, 232లో అంతా కట్టే స్తోమత నీకు లేదని మాకు తెలుసు, పౌరులకు జరిగిన నష్టం కట్టు చాలు అని తగ్గించారు. మంచి వకీలు చేసే పనే. గెలిచిన ఊళ్ళో జనానికి మొదటి వాక్యం చూపించొచ్చు, ఓడినవాడికి రెండో వాక్యం చూపించొచ్చు. కానీ ఓడినవాడు రెండో వాక్యం చదవలేదు. టెంకాయ కొట్టకూడదన్న మాటే వాడి చెవిలో పడింది. జర్మనీలో కుడివాళ్ళు, ఎడమవాళ్ళు, చర్చిలు, బడిపంతుళ్ళు, అన్ని పార్టీలూ కొట్టుకునే ఆ దేశంలో అందరూ ఒక్కటైంది ఈ ఒక్క వాక్యం మీద. హిట్లర్ దాన్ని కనిపెట్టలేదు, అందరి నోళ్ళలో ఉన్నదాన్ని ఎత్తుకున్నాడు.

డబ్బు సంగతి. సంధిలో మొత్తం ఎంతో రాయనే లేదు. తర్వాత చెబుతాం అన్నారు. మీరు ఎప్పుడైనా అంకె రాయకుండా ప్రామిసరీ నోటు మీద సంతకం పెడతారా? 1921లో అంకె తేలింది, 13,200 కోట్ల బంగారు మార్కులు. అందులో 8,200 కోట్ల బాండ్లు ఎప్పటికీ వసూలు కావని రాసినవాళ్ళకే తెలుసు. అసలు అడిగింది 5,000 కోట్లే. మరి పెద్ద అంకె ఎందుకు? ఓట్ల కోసం. ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో జర్మనీని పిండుతాం అని ఎన్నికల్లో చెప్పి వచ్చారు, చిన్న అంకె చెబితే ఇంట్లో ఊరుకోరు. కాగితం మీద పెద్ద అంకె, వసూలు చిన్నది. జర్మనీ జనానికి మాత్రం పెద్ద అంకే కనిపించింది. రెండు వైపులా అబద్ధం ఒకటే, కోపం రెండింతలు. 1923 జనవరిలో టెలిగ్రాఫ్ స్తంభాలకు కలప రాలేదు, బొగ్గు రాలేదు అని ఫ్రెంచి, బెల్జియం సైన్యాలు జర్మనీ బొగ్గు గనులున్న రూర్ లోయలోకి దిగాయి. జర్మన్ ప్రభుత్వం కార్మికులతో సమ్మె చేయించి, జీతాలకు నోట్లు అచ్చు వేస్తూ పోయింది. ఆ నవంబరుకు ఒక డాలరు నాలుగు లక్షల ఇరవై వేల కోట్ల మార్కులు. రొట్టె కొనడానికి పోతూ డబ్బు బుట్టల్లో తీసుకుపోయారు. 1932లో ఇక చాలని వసూలు ఆపేసేటప్పటికి జర్మనీ కట్టింది దాదాపు 2,000 కోట్ల మార్కులు. వాయిదాల కోసం బయట తెచ్చిన అప్పుల బాండ్లలో చివరిది తీరింది 2010 అక్టోబరు 3న. మీలో చాలామంది అప్పటికే పుట్టి ఉంటారు.

జరిమానా మరీ ఎక్కువ కాబట్టి గొడవ వచ్చింది అని పుస్తకాలు చెబుతాయి. ఆర్థికవేత్త కీన్స్ బ్రిటిష్ ఖజానా ఉద్యోగం వదిలేసి వచ్చి ఆ మాటే రాశాడు, లోకమంతా నమ్మింది. నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. 1871లో ఇదే జర్మనీ ఫ్రాన్స్ మీద 500 కోట్ల ఫ్రాంకులు వేసింది. అప్పట్లో అది దారుణమైన మొత్తం. ఫ్రెంచి జనం బాండ్లు కొని, గడువుకు ముందే 1873లో కట్టేసి జర్మన్ సైన్యాన్ని సాగనంపారు. ఎందుకు కట్టగలిగారు? అంకె ముందే తెలుసు, గడువు తెలుసు, కడితే సైన్యం పోతుందని తెలుసు. అయితే అప్పుడే జర్మనీ లాక్కున్న ఆల్సేస్-లోరేన్ మాత్రం వాళ్ళ గుండెలో ముల్లులా ఉండిపోయింది. డబ్బు మరిచారు, నేల మరవలేదు. మా జేజి మాట మళ్ళీ.

ఇంకా వెనక్కి, 1815. నెపోలియన్ ఇరవై ఏళ్ళు యూరప్‌ను ఉతికి ఆరేశాడు. అయినా ఆయన్ని ఓడించాక వియన్నాలో జరిగిన సంధి సభలో ఫ్రాన్స్ తరఫున టాలీరాన్ అనే కుంటి ముసలాయన, మహా జిత్తులమారి, గెలిచినవాళ్ళ సరసన కుర్చీ వేయించుకున్నాడు. వాటర్లూ తర్వాత షరతులు కొంచెం బిగించారు, 70 కోట్ల ఫ్రాంకులు, లక్షన్నర సైన్యం ఫ్రాన్స్‌లో కాపలా. మూడేళ్ళకే, 1818లో, లెక్క తీర్చేసి ఫ్రాన్స్‌ను పెద్దల మధ్య కూర్చోబెట్టారు. ఆ వియన్నా పెద్దలు ప్రజాస్వామ్యవాదులేం కాదు, పోలండ్ జనాన్ని గొర్రెల్లా పంచుకున్నారు. ఓడినవాడికి కుర్చీ ఇచ్చారు, చిన్నవాడికి ఇవ్వలేదు. అదీ చెప్పుకోవాలి.

చిన్నవాళ్ళు అంటే గుర్తొచ్చింది, వర్సైల్స్ సంధి మీద భారతదేశం సంతకం ఉంది తెలుసా? అవును, 1919లో. ఎవరు పెట్టారు? లండన్‌లో ఉండే ఇండియా వ్యవహారాల మంత్రి మాంటేగు, బికనేరు మహారాజు గంగాసింగ్. మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి ఆ యుద్ధానికి పోయారు, డెబ్భై వేల మంది పైగా తిరిగి రాలేదు. పది కోట్ల పౌండ్లు ‘కానుక’గా ఇచ్చాం, ఇచ్చాం అంటే మన పేరున ఇచ్చారు. 1918 డిసెంబరులో ఢిల్లీ కాంగ్రెస్ శాంతి సభకు మన తరఫున తిలక్ పోవాలని ఎన్నుకుంది. ఆయన అప్పటికి లండన్‌లోనే ఉన్నాడు, పారిస్ పక్కనే. పోనివ్వలేదు. ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్. జూన్ 28న అద్దాల మందిరంలో మన పేరున సంతకం. మధ్యలో పదకొండు వారాలు. ఆ వేసవిలోనే అదే పారిస్‌లో ఒక వియత్నాం కుర్రాడు తన దేశానికి హక్కులు కావాలని అర్జీ పట్టుకుని తిరిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత లోకం అతన్ని హోచిమిన్ అంది.

టైం అయిపోతోందని గడియారం చూపిస్తున్నారు, సరే, ఒక్కటి చెప్పి ముగిస్తా. 231 చెక్కిన ఆ డల్లెస్ గుర్తున్నాడా? ముప్ఫై రెండేళ్ళ తర్వాత, 1951లో, జపాన్‌తో శాంతి సంధి రాయించే పని ఆయన చేతికే వచ్చింది. ఈసారి తప్పు ఒప్పుకో అనే వాక్యం పెట్టలేదు. పెద్ద అంకె పెట్టలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సెప్టెంబరు 8న సంతకాలు అయ్యాయి. భారతదేశం పోలేదు. జపాన్‌లో అమెరికా సైన్యం ఉండిపోయేలా ఉంది, ఇది బరాబరు వాళ్ళ మధ్య సంధి కాదు అని నెహ్రూ అభ్యంతరం. మనం విడిగా 1952 జూన్ 9న టోక్యోలో సంతకం చేశాం. అందులో పరిహారం ఏదీ అడగం, వదులుకుంటున్నాం అని రాశాం. మనకు అడగడానికి ఏమీ లేక కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అలాగని మన ఔదార్యం అని మరీ పొంగిపోనక్కర లేదు. ఫిలిప్పీన్స్, బర్మాలకు జరిగింది మనకు జరగలేదు, వాళ్ళు అడిగారు, తీసుకున్నారు, అడగడమే న్యాయం. కానీ జపాన్‌ను అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడాం, అది మాత్రం చేశాం.

మా ఊరి రాజీ కాగితం జిరాక్సు నా దగ్గర ఉంది. పోయిన సంక్రాంతికి పోయినప్పుడు వాళ్ళింట్లో అడిగి తెచ్చుకున్నా. ఐదు రూపాయల స్టాంపు కాగితం. నాలుగు సంతకాలు, రెండు వేలిముద్రలు. వామి ఉంది, వకీలు ఖర్చు ఉంది, టెంకాయ ఉంది. బండిబాట లేదు. గొడవ మొదలైందే బాట దగ్గర, అది రాయడమే మరిచారు. ఆ బాటలో రోజూ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచేది రెండిళ్ళ ఆడవాళ్ళు. ఆ రోజు రచ్చకట్ట దగ్గరికి వాళ్ళను రానివ్వలేదు. మా జేజి చెప్పిన దాని ప్రకారం, రాజీ అయిన మరుసటి పొద్దున్నే ఆ ఇద్దరు కోడళ్ళు పారలు తీసుకుని పోయి, మూరెడు మట్టి వాళ్ళే సరిచేసుకున్నారంట. ఎవరికీ చెప్పలేదు.

సరే. ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ మైకు అటువైపు ఇవ్వండి నాయనా, వెనకాల ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉంది.